విలువ రాయకపోతే తూకమే ధర

నా చదువంతా తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడిందే, అక్షరాలు మాత్రం రిటైరయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. కొంచెం పెద్ద పోస్టు, కానీ అటక మీద పాత సామాను ఉన్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

మా బావగారు పోయి ఏడాది దాటింది. అక్క రామమూర్తి నగర్‌లో ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్తోంది. బావగారి బొమ్మ రైళ్ళు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. పాత సామాన్లు కొనే అతను వచ్చి, తూకం వేసి, అంతా కలిపి పదిహేను వందలు ఇస్తానన్నాడట. "ఇచ్చేయనా తమ్ముడూ?" అని ఫోన్ చేసింది.

నేను ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎక్కువ కాలం పార్సిల్ ఆఫీసులోనే ఉన్నాను. అక్కడ ఒక రూలుంది. బుక్ చేసేటప్పుడే సరుకు విలువ రాసి, దానికి అదనపు చార్జీ కడితే, సరుకు పోయినప్పుడు ఆ విలువ లెక్కలోకి వస్తుంది. రాయకపోతే 1990 నాటి రూల్స్ ప్రకారం రైల్వే ఇచ్చేది కిలోకు 50 రూపాయలకు మించదు. ఆ కొనేవాడిదీ అదే లెక్క. అందుకే "ఆగక్కా" అన్నాను.

మేనల్లుడూ నేనూ కూర్చుని ఒక నోటుబుక్కులో జాబితా రాశాం. మొత్తం 43 వస్తువులు. చేసిన పద్ధతి చెప్తాను.

ముందు స్కేలు. పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లుంటే ఓ గేజ్. తాళంచెవి తిప్పితే నడిచే పాత రేకు రైళ్ళు ఎక్కువగా ఇవే. 16.5 ఉంటే డబుల్ ఓ, లేదా హెచ్ఓ. తర్వాత బండి అడుగున, డబ్బా మీద ఉన్న పేరు చూడాలి. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ మెకానో కంపెనీ 1920లో హార్న్‌బీ రైళ్ళు, 1938లో చిన్న సైజు హార్న్‌బీ డబ్లో రైళ్ళు తెచ్చింది. డబ్లోకి మొదట్లో నడుమ మూడో పట్టా ఉండేది, రెండు పట్టాలవి 1959లో వచ్చాయి. ట్రయాంగ్ హార్న్‌బీ అని ఉంటే, 1964లో కంపెనీ చేతులు మారిన తర్వాతి సరుకు.

తర్వాత వస్తువు ఎలా ఉందో చూడాలి. అసలు రంగేనా? చక్రాలు, కొక్కేలు, తాళంచెవి అన్నీ ఉన్నాయా? అట్టపెట్టె ఉందా? డబ్బా ఉంటే ధర బాగా పెరుగుతుంది. మెరిపిద్దామని పాలిష్ రుద్దకండి, కొత్త రంగు వేయకండి, ఉన్న విలువ పోతుంది. యుద్ధానికి ముందు పోతపోసిన కొన్ని భాగాల్లో జింకు లోహం నెర్రెలు విచ్చి పొడైపోతుంది. దానికి మందు లేదు.

చివరికి ధర. అడిగే ధర ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. ఈబేలో 'అమ్ముడైనవి' మాత్రమే వేరుచేసి చూడాలి. ఇంగ్లండ్‌లో వెక్టిస్ లాంటి బొమ్మల వేలం సంస్థల పాత ఫలితాలూ చూడాలి. అందులోంచి కమీషను, పంపే ఖర్చు తీసేయాలి. ఇంకో మాట. నూరేళ్ళు నిండిన వస్తువును 1972 పురావస్తు చట్టం ప్రకారం మనం విదేశాలకు పంపకూడదు. 1920ల నాటి బండ్లున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

మా లెక్క ఖర్చులు పోను నలభై వేల పైచిలుకు తేలింది. లక్షలేమీ కాదు. కానీ పదిహేను వందలకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

అసలు సంగతి డబ్బాల మూతల లోపల ఉంది. బావగారు పెరంబూర్ కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. సెలవు రోజున సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్‌కు వెళ్ళేవారు. అది 1985లో కాలిపోయింది, ఆ స్థలంలోనే ఇప్పుడు లోకల్ రైళ్ళ స్టేషనుంది. కొన్న ప్రతిదానికీ తేదీ, ధర తమిళంలో పెన్సిల్‌తో రాసుకున్నారు. మేనల్లుడు ఇంగ్లీషు, హిందీ చదివినవాడు, వాడికి అవి గీతలే. అక్కకు చూపు ఆనడం లేదు. నేను ఒక్కొక్కటీ చదివి వినిపించాను.

ఒక డబ్బా ఖాళీగా ఉంది. మూత లోపల ఇలా రాసుంది: "1974 మే. సమ్మె. ఇంజను అమ్మాను, 60 రూపాయలు. బియ్యం."

అక్క కాసేపు మాట్లాడలేదు. "ఆ నెల చీటీ డబ్బు వచ్చిందని చెప్పార్రా నాతో" అంది.

ఆ మే 8 నుంచి 27 దాకా దేశమంతా రైల్వే సమ్మె. జీతాల్లేవు. అప్పుడు మేనల్లుడు చంటిపిల్లాడు.

ఖాళీ డబ్బాలను కూడా కొనేవాళ్ళున్నారు. డబ్బా లేని ఇంజను ఉన్నవాళ్ళకు అది కావాలి. అక్కకు ఆ సంగతి చెప్పాను. "అదొక్కటీ అమ్మకు, మిగతావి నువ్వూ వాడూ చూసుకోండి" అంది. తొందరేమీ లేదు, ఒక్కొక్కటిగా అమ్ముతున్నాం.

కాబట్టి మీ ఇంట్లో స్టాంపులు, గ్రామఫోను రికార్డులు, కెమెరాలు, ఏమున్నా సరే, మీరుండగానే ఒక కాగితం రాయండి. ఏమిటి, ఎక్కడ కొన్నారు, ఎంతకు, ఎవరిని అడగాలి. పిల్లలు చదవగలిగే భాషలో రాయండి. సాయం కావాలంటే ఆదివారం ఉదయం మన సంఘం ఆఫీసులో ఉంటాను. స్కేలు, భూతద్దం నేనే తెస్తాను. ట్రంకు పెట్టె మాత్రం మీరే మోసుకురావాలి.