దెయ్యానికి రెండో భాగం

సత్తెనపల్లి టీ కొట్టు దగ్గర పత్తి రేటు, మిరప రేటు అయ్యాక నిన్న వాదన దెయ్యం సినిమాల రెండో భాగాల మీదకి మళ్లింది. 2021లో ‘మా ఊరి పొలిమేర’ ఓటీటీలో, 2023లో రెండోది హాల్లో చూసినవాడు రెండోదే గొప్పంటాడు. ఇంకొకడు ‘చంద్రముఖి’ ఎత్తుకున్నాడు. 2010లో ‘నాగవల్లి’, 2023లో ‘చంద్రముఖి 2’ వచ్చినా 2005 నాటి గజ్జెల చప్పుడుకి పుట్టిన వణుకు మళ్లీ పుట్టలేదట.

నా లెక్క ఒకటే. దెయ్యం ఎందుకొచ్చిందో మొదటిసారే చెప్పేస్తే, రెండోదానికి మిగిలేది మేకప్పూ సౌండూ. ‘పొలిమేర’ ముడి విప్పకుండా ఆగింది, అందుకే రెండోది నిలబడింది. 2022 నాటి ‘మసూద’ని మాత్రం ఒక్కదానితో వదిలేస్తేనే మేలు. కాదంటే వాదించండి, ట్విస్టులు మాత్రం చెప్పకండి. ఇంకా చూడనోళ్లున్నారు!