నాలుగు చిల్లులే కదా!

"ఈ రోజుల్లో ఆపరేషన్ అంటే ఏముందమ్మా, నాలుగు చిల్లులే కదా!" గాల్ బ్లాడర్‌లో రాళ్ళున్నాయని తెలిసిన దగ్గర్నుంచి నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అన్న మాట ఇది. మీరూ ఎవరితోనో అనే ఉంటారు. నా వంతు వచ్చేదాకా నేనూ అన్నదాన్నే.

మా అమ్మకి 1988లో ఇదే ఆపరేషన్ పొట్ట కోసి చేశారు. కుడివైపు పక్కటెముకల కింద జానెడు కోత. పది రోజులు ఆస్పత్రిలోనే ఉంది. లాప్రోస్కోపీతో చేయడం మన దేశంలో 1990లో ముంబైలో మొదలైంది. అమ్మ కోతతో పోలిస్తే నాది అదృష్టమే. బొడ్డు దగ్గర ఒకటి, దాని పైన మూడు, అన్నీ చిన్నవే. మూడోరోజుకి ఇంటికి వచ్చేశాను.

మత్తు దిగాక ముందు నన్ను భయపెట్టింది పొట్ట కాదు, కుడి భుజం. లోపల ఎవరో మెలిపెడుతున్నట్టు ఒకటే పోటు. గుండెకేమన్నా వచ్చిందేమోనని హడలిపోయాను. లోపల బాగా కనబడాలని పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారనీ, అది పొట్టకీ ఛాతీకీ మధ్య ఉన్న పొరని ఇబ్బంది పెడితే నొప్పి భుజంలో తెలుస్తుందనీ నర్సమ్మ చెప్పింది. వరండాలో మెల్లగా అటూ ఇటూ నడిచాను. రెండు రోజుల్లో పోయింది.

బొడ్డు దగ్గర కోత మాత్రం అలా పోలేదు. నా గాల్ బ్లాడర్‌ని బయటికి తీసింది ఆ దారినేనట. లేచినా, దగ్గినా, ఆఖరికి నవ్వినా చురుక్కుమనేది. "ఇంకా నొప్పేనా?" అంటారేమోనని పైకి చెప్పలేదు. వేడి చేస్తుందని నొప్పి మాత్రలు నాలుగోరోజే మానేశాను. వారం తిరిగేసరికి వంటింట్లో ఉన్నాను. నన్నెవరూ వెళ్ళమనలేదు. వద్దనీ అనలేదు.

ఆ తర్వాత తగ్గాల్సిన నొప్పి పెరగడం మొదలైంది. పనివల్లే అనుకున్నాను. తొమ్మిదోరోజు మా ఆడపడుచు పిల్లలతో వచ్చింది. ఇంట్లో మగవాళ్ళు లేరని ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను నేనే ఎత్తాను. కళ్ళు బైర్లు కమ్మాయి. రాత్రి చూసుకుంటే కోత చుట్టూ ఎర్రగా కంది ఉంది, చీర మీద తడి. అప్పుడైనా చెప్పానా? తెల్లారి చలిజ్వరం వచ్చాక చెప్పాను.

డాక్టరమ్మ చీము తీసి కట్టు కట్టింది. "నొప్పి రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతోందంటే మీకు కబురు చెబుతోందన్నమాట. ఆ కబురు మీరు దాచేశారు" అంది. క్యాను ఎత్తినందుకు వేరే చీవాట్లు. కోత గట్టిపడకుండా బరువులెత్తితే అక్కడే హెర్నియా రావచ్చట.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు మావారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధే ఉంది. నా దగ్గర జవాబు లేదు. ఫోనులో అమ్మే చెప్పింది: "నా కోత అందరికీ కనబడింది కనక నన్ను కూర్చోబెట్టారే. నీది కనబడలేదు కనక నువ్వే లేచిపోయావు."

కనక మీకు నా మాట ఒక్కటి. మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్ళు వేసుకోండి. నొప్పికి భయపడి ఊపిరి పైపైన పీల్చుకుంటూ పడుకుంటే కోలుకోవడం ఆలస్యమవుతుంది. దగ్గొస్తే చిన్న దిండు పొట్టకి అదిమి పట్టుకోండి. లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిలి, చేతుల మీద బరువు వేసి లేవండి. బిందె, క్యాను, పిండి గ్రైండరు డాక్టరు సరేననేదాకా ముట్టుకోకండి. జ్వరం, చీము, పెరిగే నొప్పి, కళ్ళు పచ్చబడడం, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.

అన్నిటికన్నా ముందు, నొప్పిగా ఉంటే నొప్పిగా ఉందని ఇంట్లో చెప్పండి. ఇప్పుడు మా ఇంట్లో క్యాను మా అబ్బాయి ఎత్తుతున్నాడు. చెప్పాను, ఎత్తుతున్నాడు. అంతే!