తిథి తెలియని సరంగు



వికారాబాదులో కూర్చుని సముద్రాన్ని గురించి వ్రాయడమేమిటని మీకు అనిపించవచ్చును. మా ఊరికి సముద్రంతో ఉన్న చుట్టరికమల్లా అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఒక్కటే. అదైనా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, కృష్ణ పేరుతోనే కడలిని చేరుతుంది. అలా పేరు పోగొట్టుకుని సముద్రంలో కలిసిన మనిషి ఒకరు మా కుటుంబంలోనూ ఉన్నారు. ఆయనను గురించే ఈ నాలుగు మాటలు.

నేను తాండూరులో తెలుగు పండితుడిగా పనిచేస్తున్న రోజుల్లో నాకు వివాహమైనది. మామగారు రైల్వే ఉద్యోగి. గోదావరి ప్రాంతం నుండి బదిలీపై తాండూరు వచ్చి ఇక్కడే స్థిరపడినారు. అత్తగారి పుట్టినిల్లు కోరంగి సమీపంలోని తాళ్ళరేవు. ఆమె తాతగారు ఓడ మీద సరంగు. కళాసీలందరి మీదా పెత్తనం ఆయనది. ఒకనాడు వెళ్ళినవారు మరి తిరిగి రాలేదు. "రంగం వెళ్ళాడు" అన్న ఒక్క మాటే ఇంట్లో మిగిలినది. ఆ మహాతల్లి, ఆయన భార్య, కన్నుమూసే వరకు పసుపు కుంకుమలతోనే ఉన్నదట.

చిక్కు ఆ తరువాత వచ్చినది. తద్దినం పెట్టవలెనంటే తిథి కావలెను. తిథి తెలియని వారికి మహాలయ అమావాస్య ఉన్నదని పురోహితులు చెప్పినా కొడుకులు ఒప్పుకోలేదు. పెడితే తండ్రి పోయినట్లు తామే నిర్ణయించినట్లవుతుందని వారి బాధ. మనుమలూ అదే పాటించినారు. ఇప్పుడు ఆ తరంలో మిగిలినది అత్తగారొక్కరే. "పోయారని ఎవరం అనలేదు బాబూ, ఉన్నారనీ అనలేకపోయాం. నా తరువాత ఆయన్ని తలిచేవాళ్ళు కూడా ఉండరు. ఏదో ఒకటి తేల్చండి" అన్నారామె. పదవీ విరమణ చేసిన నాకు అంతకన్న పని ఏమున్నది?

ముందుగా ఊరి చరిత్ర చూచినాను. గౌతమి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే చోటు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసే చోటు. 1789 డిసెంబరులో సముద్రం మూడు అలలుగా లేచి ఊరిని ముంచినది. 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెనతో రేవు మరి కోలుకోలేదు. 'సైక్లోన్' అన్న ఆంగ్ల పదాన్ని పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఆ 1789 నాటి ఉప్పెనను ప్రత్యేకంగా పరిశీలించినాడు. ఆపైన గోదావరి ఒండ్రు మేట వేసి రేవును పూడ్చివేయగా వ్యాపారం కాకినాడకు తరలిపోయినది. అయినా ఊరి పేరు మాత్రం ఓడలెక్కి వెళ్ళినది. బర్మాలో తెలుగువారిని ఏ ఊరివారైనా సరే 'కోరంగీలు' అనే పిలిచేవారు.

ఇక పత్రాల సంగతి. మద్రాసు రాజధానిలోని చర్చీలలో జరిగిన బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాల పట్టికలకు నకళ్ళు తీసి లండనుకు పంపేవారు. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. తెల్లవారి వంశాలు వెదికేవారికి అవి పెన్నిధి. శివాలయంలో పెళ్ళి చేసుకున్న మా సరంగుకు వాటిలో చోటు లేదు.

కూలి ఒడంబడిక మీద దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళినవారి పట్టీలు చూచినాను. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి డర్బను చేరినది మొదలు 1911 వరకు వెళ్ళినవారు 1,52,184 మంది. ప్రతి మనిషికీ ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, చివరకు ఒంటి మీది మచ్చ కూడా వ్రాసినారు. ఎంత శ్రద్ధ అనుకున్నాను. కొన్ని పుటలు తిరగవేసిన తరువాత అది శ్రద్ధ కాదని, సరకు లెక్క అని బోధపడినది. తోట యజమాని డబ్బు చెల్లించినాడు గనుక మనిషిని లెక్కించుకున్నాడు. కట్టుబడి వెళ్ళినవానికి పేరు దక్కినది. స్వేచ్ఛగా డెక్కు మీద కూర్చుని రంగూను వెళ్ళినవానికి టిక్కెట్టే దక్కినది. 1930 మే నెలలో రంగూను రేవు పనివారి తగవు అల్లర్లుగా మారినప్పుడు పోయినవారిలో, 1942లో జపాను దాడికి వెరచి కాలినడకన కొండలు దాటుతూ పోయినవారిలో, ఎందరి పేర్లు మనం చదువగలము?

పేరు కనబడినా తంటాయే. ఆంగ్ల గుమాస్తాకు ట కారమూ త కారమూ ఒకటే, హ్రస్వ దీర్ఘాల భేదం లేదు, ళ అసలే లేదు. ఇంటిపేరు అడిగే ఆచారమూ లేదు. నేటాలులో తండ్రి పేరో, చివరనున్న 'నాయుడు' శబ్దమో రానురాను వంశనామమైనది. తత్సమ తద్భవాలు బోధించిన అనుభవం ఇక్కడ అక్కరకు వచ్చినది. వర్ణాలను వెనక్కు మరలించి చూడగా మా సరంగు పేరుకు సరిపోయే వారు ముగ్గురు తేలినారు. ఒకరి వయస్సు కుదరదు, మరొకరి జిల్లా కుదరదు, మూడవవారి తండ్రి పేరు కుదరదు. 1915 నాటి బ్రిటిష్ ఓడ సిబ్బంది పట్టికలు ఏడున్నర లక్షల పైచిలుకు పేర్లతో అంతర్జాలంలో ఉన్నవి. వాటిలోనూ ఆయన లేరు.

దొరికినది అనుకోని చోట. తాళ్ళరేవుకు కూతవేటు దూరంలోని యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండినది. ఫ్రాన్సులో 1792లోనే జనన వివాహ మరణాల నమోదు మతగురువుల చేతి నుండి ప్రభుత్వానికి మారినది. ఆ పద్ధతే ఇక్కడికీ వచ్చినది. ఆ పత్రాలను ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ నగరంలోని అభిలేఖాగారం అంతర్జాలంలో ఉంచినది. సరంగుగారి తమ్ముడు యానాం పిల్లను చేసుకున్నారని అత్తగారు చెప్పిన ఆధారంతో, ఫ్రెంచి నేర్చిన పూర్వ విద్యార్థిని ఒకామె సాయంతో, ఆ వివాహ పత్రం పట్టినాము. గుమాస్తా పేర్లన్నీ ఛిన్నాభిన్నం చేసినాడు. కాని అడుగున సాక్షుల చేవ్రాళ్ళున్నవి. వానిలో ఒకటి తెలుగున, తలకట్లు గుండ్రంగా, ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా ఉన్నది. పెళ్ళికొడుకు అన్న, వృత్తి నావికుడు.

తెర మీద అక్షరాలు పెద్దవి చేసి అత్తగారికి చూపినాను. ఆమె చాలసేపు చూచి, "చదువుకున్నవారేనన్నమాట. నాయనమ్మ ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు. తరువాత చాలసేపు మౌనం. ఆ సాయంకాలం నన్ను పిలిచి, "వచ్చే మహాలయ అమావాస్యకు ఆయన పేరున తర్పణం ఇప్పించండి బాబూ. ఎప్పుడు పోయారో తెలియకపోతేనేం, ఉన్నారని తెలిసింది గదా" అన్నారు. అట్లే మా బావమరిది చేత ఇప్పించినాము.

మిత్రులారా, మీ ఇంట కూడా రంగం వెళ్ళినవారో, దేశాంతరం పోయినవారో ఉందురు. పెద్దలు ఉండగానే మూడు సంగతులు వ్రాసి ఉంచుకొనుడు: ఇంటిపేరు, తండ్రి పేరు, గ్రామం పేరు. పట్టీలలో ఈ మూడూ కలిస్తేనే మనిషి దొరుకుతాడు. పాత దస్తావేజులలో తాతల చేవ్రాలు కనబడితే దానికొక నకలు తీసి దాచుడు.

సెలవు.