మెత్తని గోధుమ రొట్టె

సెంటినరీ కాలనీ యను పేరు వినిన క్రొత్తవారు, ఇది యే దొరలనాటి యూరో యని తలంతురు. కాని యది సింగరేణి బొగ్గుగనుల సంస్థకు నూఱేండ్లు నిండిన జ్ఞాపకార్థము పెట్టిన పేరు. 1871లో డాక్టరు విలియం కింగు గారు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనిరి. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1989లో శతవార్షికోత్సవము జరిగెను. మా కాలనీ పెద్దపల్లి జిల్లా రామగిరి మండలములో, మంథనికి సమీపమున నున్నది. ఒకవంక దేవుడు చేసిన రామగిరి కొండ, మఱియొకవంక మనుష్యులు పోసిన ఓపెన్‌కాస్టు మట్టిదిబ్బలు. నడుమ వరుస వరుసలుగా క్వార్టర్లు. అన్నకు సంస్థలో నౌకరి యగుటచే మేమందఱము అట్టి యొక క్వార్టరులోనే కాపుర ముందుము. బొగ్గునుగూర్చి వ్రాయువారు పెక్కుమంది గలరు. నేను ఆ క్వార్టరు వంటయింటిలో కాలుచున్న రొట్టెనుగూర్చి వ్రాయబూనితిని.

మా ప్రాంతమున రొట్టె యనగా జొన్నరొట్టెయే. మా బాపు (తండ్రిని మేమిట్లే పిలుతుము) 34 సంవత్సరములు భూగర్భ గనిలో పనిచేసెను. ఆ దినములన్నిటను ఆయన టిఫిను డబ్బాలో ఉన్నవి జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల కారము. పదిమందితో కలిసి గోడకు చేరగిలబడి, టోపీ దీపముల వెలుతురున తిను ఆ రొట్టెకంటె రుచియైనది లోకమున లేదని యాయన యిప్పటికిని చెప్పును. అట్టి మనిషికి ఉద్యోగ విరమణానంతరము రెండు కష్టములు తోడుతోడుగా వచ్చెను. మధుమేహము మొదటిది, పండ్లూడుట రెండవది. కట్టుడు పండ్లు పెట్టించితిమి గాని, అవి చిగుళ్లను ఒరయుచున్నవని డబ్బీలో పెట్టి మూత వేసెను. వైద్యుడు అన్నము తగ్గించి, పప్పును, కూరలను, పొట్టుతీయని ధాన్యములను తినుమనెను. పండ్లు లేని నోటికి ఆఱిన జొన్నరొట్టె కొఱుకబడదు. మజ్జిగలో నానవేసి యిత్తుమన్న, అది పసిపిల్లల తిండి యని త్రోసివేయును. తుదకు అంగడిలో దొరకు తెల్లరొట్టెను తీయని చాయలో ముంచుకొని పూటకు రెండు ముక్కలు తిని లేచిపోవుచుండెను. నడుమునకు కట్టు తోలుపట్టీకి ఆఱు నెలలలో రెండు క్రొత్త రంధ్రములు పడెను. అంతకంటె మమ్ము కలచినది మఱియొకటి. పదిమందితో పంచుకొని తినిన యాయన, నోరు ఆడించుట యితరులకు కనబడకుండ గోడవైపు తిరిగి తినజొచ్చెను.

తెల్లరొట్టెకు బదులు గోధుమరంగు రొట్టె కొని తెమ్మని యిరుగుపొరుగు వారు సలహా చెప్పిరి. రంగును చూచి మోసపోరాదు. పొట్లముమీద సన్నని యక్షరములు చదివిన, పెక్కింటిలో మొదట వ్రాయబడునది మైదాయే. రంగు మాత్రము కాచిన పంచదారది. నిజముగా సంపూర్ణ గోధుమలతో చేసినది మా అంగళ్లలో ప్రతిదినము దొరకదు. అందుచే మా అవ్వ తానే చేయుదునని నడుము బిగించెను. జొన్నపిండిని అరచేత తట్టి పున్నమి చంద్రునివలె చేయు నేర్పరి యామె. గోధుమ యొక లెక్కా యని యందఱమును అనుకొంటిమి. చపాతీల పిండివలె గట్టిగా కలిపి, ఈస్టు వేసి, మూతపెట్టి కాల్చెను. వచ్చినదానిని బాపు చేత తూచి చూచి, “దీనిని గనిలో పైకప్పుక్రింద ఆసరాగా పెట్టిన, పది యేండ్లు నిలుచును” అనెను. అందఱమును నవ్వితిమి, అవ్వయు నవ్వెను. కాని యా రాత్రి యాయన చాయ మాత్రము త్రాగి పరుండెను.

మఱునాటినుండి నేనును అవ్వయు ఆ గట్టిదనమునకు కారణమేమో వెదకితిమి. గోధుమపిండిలోని మాంసకృత్తులు నీటితో గలిసిన గ్లూటెను అను సాగుడు పదార్థ మేర్పడును. ఈస్టు సజీవమైనది, అది శిలీంధ్రజాతికి చెందిన సూక్ష్మజీవి. పులియుట యనునది యిట్టి జీవకణముల పనియే యని పందొమ్మిదవ శతాబ్ద మధ్యమున పాశ్చరు పండితుడు ప్రయోగములచే చూపెను. ఈస్టు పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును వదలును. గ్లూటెను దానిని చిన్నచిన్న బుడగలుగా పట్టి నిలుపును. అదియే పొంగుట. మైదాలో పొట్టు లేనందున ఈ పని సులభముగా సాగును. సంపూర్ణ గోధుమపిండిలో పొట్టు ముక్కలు గ్లూటెను అల్లికకు అడ్డుపడి దానిని తెంపును; పైగా అవి నీటిని మెల్లమెల్లగా పీల్చును. కలిపినప్పుడు సరిగా నున్న పిండి, కాలునప్పటికి దాహముగొని గట్టిపడును. చపాతీకి చాలిన నీరు ఈ రొట్టెకు చాలదని యిందువలన తేలినది.

బొగ్గుపులుసు వాయువు పేరు విని బాపు చెవులు నిక్కించెను. గనిలో అది క్రింది భాగమున నిలిచి ప్రాణములు తీయు శత్రువు. హంఫ్రీ డేవీ గారు 1815లో కనిపెట్టిన రక్షణదీపమును నేలవైపు దించి చూచిన, ప్రాణవాయువు తగ్గిన చోట దాని జ్వాల కుంగిపోవునట. దీపము కుంగిన చోటినుండి తాము వెనుకకు మరలిన దినములను ఆయన ఆనాడు చాలసేపు చెప్పెను. గనిలో దేనికి భయపడితిమో దానినే యింటిలో గిన్నెకు మూతపెట్టి పెంచుచున్నారా యని ఆశ్చర్యపడెను. పిండి గిన్నె మూత తీసి చూచుట నాటినుండి ఆయనకు అలవాటయ్యెను. నిజమునకు ఆయనకు రొట్టెమీద ఆసక్తి కలిగినది నాలుకవలన గాదు, ఈ వాయువువలననే.

గాంధీగారు జొహన్నెస్‌బర్గులో నున్న కాలమున 7 పౌండ్లు వెచ్చించి ఒక చేతిమర కొని, పొలాకు గారితోను పిల్లలతోను గలిసి గోధుమలు విసరి, ఈస్టులేని రొట్టెను ఇంటనే చేయించెడివారు. ఆయన యప్పటికి నలువది యేండ్లు నిండనివాడు. పొంగని రొట్టె యాయనకు చెల్లెను, 68 యేండ్ల మా బాపునకు చెల్లదు. పొంగు రొట్టె మన దేశమునకు పోర్చుగీసువారివలన వచ్చినది. గోవాలో దానిని కల్లుతో పులియబెట్టెడివారు. మా వైపు తాటికల్లునకు కొదువ లేదు గాని, అవ్వ ఆ ప్రయోగమునకు ససేమిరా సమ్మతింపలేదు. హైదరాబాదువారు దీనిని డబల్ రొట్టె యందురు. పెండ్లివిందులలో వడ్డించు డబల్ కా మీఠా దీనితో చేసినదే.

మాకు మేలుచేసిన ఉపాయములు రెండు. ఈస్టును, ఉప్పును వేయకమునుపు పిండిని వట్టి నీటితో కలిపి నాననిచ్చుట మొదటిది. ఫ్రాన్సు దేశపు రొట్టెల ఆచార్యుడు రేమాన్ కాల్వెల్ గారు 1970 తరువాతి యేండ్లలో దీనికి శాస్త్రీయముగా పేరుపెట్టి ప్రచారము చేసిరి. నానిన పొట్టు మెత్తబడి గ్లూటెనును అంతగా తెంపదు. రెండవది చీనా, జపాను దేశములలో వాడుకలోనున్నది: కొంచెము పిండిని అయిదింతల నీటిలో జావగా కాచి మిగిలిన పిండిలో కలుపుట. ఉడికిన పిండి తనలో ఎక్కువ నీటిని పట్టియుంచును గనుక రొట్టె రెండు మూడు దినములు మెత్తగా నిలుచును. ఇది వినగానే అవ్వ, “ఇది మన గటుక కాచినట్లే గదా, దీనికి చీనా దాక పోవలెనా?” యనెను.

మేము చేయు రీతిని కొలతలతో వ్రాయుచున్నాను. గోధుమపిండి 400 గ్రాములు. అందులో 20 గ్రాములను 100 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, సన్నని మంటమీద గరిటె జాడ నిలుచునంతవఱకు కాచి చల్లార్చవలెను. మిగిలిన 380 గ్రాములను 190 మిల్లీలీటర్ల నీటితో తడిపి అరగంట మూతపెట్టి యుంచవలెను. చారెడు గోరువెచ్చని నీటిలో 20 గ్రాముల బెల్లము కరగించి, అందు 4 గ్రాముల పొడి ఈస్టు వేసి నురుగు రానీయవలెను. నురుగు రాకున్న ఆ ఈస్టు చచ్చినది. దానితో పిండి పాడుచేయనేల? పిమ్మట జావను, ఈస్టును, రెండు చెంచాల పెరుగును, 7 గ్రాముల ఉప్పును నానిన పిండిలో చేర్చి పిసుకవలెను. మొదట చేతుల కంటుకొనును. భయపడి పొడిపిండి చల్లరాదు, చల్లితిరా మరల ఇటుకయే. చేతులు తడిచేసికొని పదిహేను నిమిషములు మడచి మడచి పిసికిన, అది నునుపై సాగును. తుదకు 25 గ్రాముల నూనె పట్టింపవలెను.

పొంగుటకు గడియారమును నమ్మరాదు. మా రామగుండము వైపు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుచుండును. అప్పుడు చల్లని నీటితో కలిపినను అరగంటలో గిన్నె నిండును. పుష్యమాసపు చలిలో రెండు గంటలైనను కదలదు. ఒకటిన్నర రెట్లు పెరిగినంతనే చాలును. మైదావలె రెండింతలకు మించి పొంగనిచ్చిన, పొట్టు బరువునకు అల్లిక తెగి కూలిపోవును. ఒకమారు పొంగినదానిని మెల్లగా అణచి, చుట్టి, నూనె రాచిన గిన్నెలో పెట్టి మరల పొంగనీయవలెను. వ్రేలితో నొక్కిన గుంట మెల్లమెల్లగా నిండుచుండిన, కాల్చు సమయము వచ్చినదన్నమాట.

మా యింట విద్యుత్ పొయ్యి లేదు. పెద్ద కుక్కరులో రెండంగుళముల మందమున శుభ్రమైన ఇసుక పోసి, మూతకు రబ్బరు పట్టీని, పైనుండు విజిలును తప్పక తీసివేసి, పదిహేను నిమిషములు వేడిచేసి, లోపల చిన్న పీటమీద రొట్టె గిన్నెను దించి, సన్నని మంటమీద 45 నిమిషములు మొదలు గంటవఱకు కాల్చుదుము. పై భాగము మిక్కిలి యెఱ్ఱబడదు. అది మాకు లాభమే, గట్టి పెచ్చు బాపునకు పనికిరాదు. దించగానే గిన్నెనుండి తీసి పలుచని బట్ట కప్పవలెను. ఆవిరి బట్టక్రింద నిలిచి పై పెచ్చును మెత్తబఱచును. వేడిమీద కోయరాదు, లోపలి పిండి చల్లారుచు గట్టిపడువఱకు రొట్టె యింకను కాలుచున్నట్లే. ఇంటినిండ వాసన నిండియుండగా గంటసేపు ఆగుమనుట కఠినమే గాని, ఆగినవారికే చక్కని ముక్కలు వచ్చును. మిగిలినదానిని శీతలపేటికలో పెట్టిన త్వరగా బిరుసెక్కును. మూతగల డబ్బాలో బయట నుంచి రెండు దినములలో ముగింపవలెను.

ఆ రొట్టె వచ్చిన రాత్రి అవ్వ రెండు ముక్కలను పుంటికూర పప్పుతో పళ్లెమున పెట్టెను, చాయ పెట్టలేదు. బాపు ఒక ముక్కను వ్రేళ్లతో నొక్కి విడిచెను. అది మరల లేచెను. చిగుళ్లతోనే నమలుచు రెండు ముక్కలును తినెను. ఏమియు అనలేదు. మూడవ ముక్కకు పళ్లెము చాచినప్పుడు మాత్రము ఆయన గోడవైపు గాక మా వైపు తిరిగి యుండెను. అవ్వ కొంగుతో ముఖము తుడుచుకొని, పొయ్యి వేడికి చెమట పట్టినదనెను.

ఈ రొట్టె తినిన మధుమేహము పోవునని చెప్పువారి మాట నమ్మరాదు. 100 గ్రాముల సంపూర్ణ గోధుమపిండిలో పీచు 11 గ్రాములకు పైగా నుండగా మైదాలో 3 గ్రాములైన నుండదు. ఆ భేదము గొప్పదే. అయినను సన్నగా విసరిన పిండి యేదైనను రక్తములో చక్కెరను పెంచును. మా బాపు మాత్రలును, నడకయు, నెలనెల పరీక్షయు మానలేదు. తీపి చాయ తగ్గినది, పప్పును కూరయు పెరిగినవి, తోలుపట్టీ ఒక రంధ్రము వెనుకకు వచ్చినది. ఇంతవఱకే నేను సాక్ష్యము చెప్పగలను.

మా నేలలో పండునవి వరి, ప్రత్తి, మొక్కజొన్న. గోధుమలు అంగడినుండి కొనవలసినవే. అవి యేరి, ఎండబెట్టి, గిర్నిలో పట్టించి తెచ్చు పని యిప్పుడు బాపుదే. గోధుమగింజ అంకురములో నూనె యుండుటచే పిండి నిలువయున్న కొలది కమరు వాసన వచ్చునని తెలిసినప్పటినుండి, రెండు కిలోలకు మించి యొకమారు పట్టింపడు. గిర్నిలో తనకు ముందు ఎవరైనను శనగలు పట్టించిరా యని మొదట విచారించును. పట్టించిరన్నచో, శనగపిండి కలిసిన రొట్టె పొంగదని గిర్నివానికి బొగ్గుపులుసు వాయువు మొదలుకొని సమస్తమును వివరించి, సంచి భుజమున వేసికొని, రేపు వచ్చెదనని యింటికి తిరిగివచ్చును.