తాటిపూడి ఒడ్డున ఒక రాత్రి.. ఈసారైనా సరిగ్గా!

సినిమాలో జలాశయం ఒడ్డున రాత్రి ఎంత అందంగా వుంటుందో మీకు నేను చెప్పాలా? గుడారం లోపల దీపం, బయట నెగడు, గిటారు పట్టిన హీరో, శాలువా కప్పుకున్న హీరోయిన్, నీళ్ళ మీద వెన్నెల! ఆ వెన్నెల చాలాసార్లు మిట్టమధ్యాహ్నపు టెండేనన్న సంగతి మాత్రం మీలో కొందరికే తెలిసి వుంటుంది. కెమెరాకి ఫిల్టరు తగిలించి పగటినే రాత్రిగా చూపించే ఆ పద్ధతికి 'డే ఫర్ నైట్' అని పేరు. పొద్దుగూకేసరికి యూనిట్టంతా హాయిగా హోటలు చేరుకుంటుంది. దోమలు కుట్టేదీ, మంచుకి తడిసేదీ మనలాంటివాళ్ళనే.

ఈ జ్ఞానం మాకు పోయిన సంక్రాంతి సెలవుల్లో కలిగింది. మేం నలుగురం మిత్రులం. ఇద్దరిది విజయనగరం, ఒకడిది బొబ్బిలి, నాది శ్రీకాకుళం. నీళ్ళ ఒడ్డున ఒక రాత్రి గడపాలని కాలేజీ రోజులనుంచీ అనుకుంటూనే వున్నాం. నలుగురికీ ఒకేసారి సెలవు దొరికేసరికి ముప్ఫై దాటిపోయాయి!

మొదట చిలికా అనుకున్నాం. ఇచ్ఛాపురం దాటి బరంపురం, ఛత్రపురం, గంజాం మీదుగా వెళ్తే రంభ దగ్గర చిలికా మొదలవుతుంది. హౌరా రైలెక్కినవాళ్ళు కిటికీలోంచి చూసే వుంటారు, రైలు పరిగెడుతున్నా నీళ్ళు తరగవు! వానాకాలంలో 1100 చదరపు కిలోమీటర్లు దాటే ఉప్పునీటి సరస్సు. మనదేశంలో రామ్‌సర్ జాబితాకెక్కిన మొదటి చిత్తడినేలల్లో ఒకటి, 1981లో. గంజాం 1936 దాకా మద్రాసు రాష్ట్రంలోనే వుండేది కాబట్టి ఆ దారిలో తెలుగు మాట ఈనాటికీ వినిపిస్తుంది. చలికాలంలో లక్షల పక్షులు దిగుతాయి. కానీ అవి దిగే నలబన దీవి అభయారణ్యం, అక్కడ మనం కాలు పెట్టడానికి వీల్లేదు. పైగా పడవలూ, రెండు రోజుల ప్రయాణమూ.. లెక్కవేస్తే నాలుగు జేబులూ కలిపినా చాలలేదు. సరే, చిలికా మరోసారి.

అప్పుడు తట్టింది తాటిపూడి.

'మరోచరిత్ర' చూడనివాళ్ళు మీలో వుండరనుకుంటాను. 1978లో బాలచందర్ ఆ సినిమాని విశాఖపట్నం, భీమునిపట్నం తీరాల్లో తీశారు. ఆ భీమిలి దగ్గర సముద్రంలో కలిసే ఏరు గోస్తనీ. బొర్రా గుహల దగ్గర పుట్టి, అనంతగిరి కొండలు దిగి, విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో తాటిపూడి ఆనకట్ట వెనక ఆగుతుంది. 1960ల్లో కట్టిన జలాశయం. మూడువైపులా కొండలు, మధ్యలో నీలంగా నీళ్ళు. ఏ కెమెరామన్ చూసినా ఒక పాట ఇక్కడే తీద్దామంటాడు. విజయనగరంనుంచి గంట్యాడ మీదుగా గాని, అరకు రోడ్డులో ఎస్.కోట దాకా వచ్చి అక్కణ్ణుంచి ఆటోలో గాని చేరుకోవచ్చు.

మేం చేరుకునేసరికి చీకటి పడింది. అదే మొదటి తప్పు. ఎవర్నీ అడగలేదు, ఎక్కడ పడుకోవాలో చూసుకోలేదు. నీటికి పదడుగుల దూరంలో టార్పాలిన్ పరిచేశాం. అన్నం వండుదామని బొబ్బిలివాడు గిన్నె, టార్చి పట్టుకుని నీళ్ళకి దిగాడు. వాడికి ఈత రాదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఒక్కరికీ గుర్తు రాలేదు.

వాడి గురించి ఒక మాట చెప్పాలి. బొబ్బిలిలో మొదటి రోజు మొదటి ఆటకి వాడి ఈల పడందే సినిమా మొదలవదని మేం ఏడిపిస్తుంటాం. నోట్లో రెండు వేళ్ళు పెట్టాడంటే హాలు దద్దరిల్లాల్సిందే. ఆ రాత్రి కూడా నీళ్ళవైపునుంచి ఈల వినిపించింది. మేం నవ్వుకున్నాం. మళ్ళీ వినిపించింది. మేమూ తిరిగి ఈల వేశాం! మూడోసారి ఈల వేయబోతున్నప్పుడు ఆనకట్టవైపునుంచి కాపలా మనిషి లైటు పట్టుకుని పరుగున వచ్చాడు. చూస్తే మావాడు నడుం లోతు నీళ్ళలో, మోకాళ్ళదాకా బురదలో దిగబడి, టార్చి ఎక్కడో పడిపోయి, బిగుసుకుపోయి నిలబడ్డాడు. కదిలితే ఇంకా జారుతోందిట. "కాపాడండి" అనడానికి గొంతు పెగల్లేదనీ, వేళ్ళు మాత్రం అలవాటుగా నోట్లోకి వెళ్ళాయనీ తర్వాత చెప్పాడు. టార్పాలిన్ తాడు విప్పి విసిరి లాగాం.

"ఏటి బాబూ, సదువుకున్నోలు కాదేటి? రాత్తిరేల నీటికాడ తొంగుంటారా? ఇది మీ ఊరి సెరువు గాదు. రెండడుగులేత్తే లోతే. పైగా ఈ నీరు విశాపట్నం తాగుతాది. బేగి ఎలిపొండి" అన్నాడాయన. మారుమాట్లాడలేదు. ఎస్.కోట వచ్చి, బస్టాండు బల్లల మీద తెల్లవార్లూ కూర్చున్నాం. గిన్నె మాత్రం గోస్తనీలోనే వుండిపోయింది.

ఆయన చెప్పింది నిజం. విశాఖపట్నానికి మంచినీళ్ళిచ్చే జలాశయాల్లో తాటిపూడి ఒకటి. ఆ కింద వేల ఎకరాల పొలాలు పండుతాయి. అలాంటి నీళ్ళలో గిన్నెలు కడిగి సబ్బునురగ వదిలే హక్కు మనకెక్కడిది?

అందుకని ఈసారి పథకం వేరు. కార్తీకంలో వనభోజనాలకని వెళ్ళొచ్చుగదా అన్నాడొకడు. పగటిపూటకి అది సరే. ఉసిరిచెట్టు కింద తిని సాయంత్రానికి ఇల్లు చేరడం మన పెద్దలు ఏనాడో కనిపెట్టిన క్యాంపింగే. రాత్రి మకాంకి మాత్రం ఆ నెలలని నమ్మడానికి లేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చి మన జిల్లాల్ని ఊపేశాయి. అందుకే జనవరిలో, పౌర్ణమికి దగ్గరగా వచ్చే శనివారం ఖాయం చేశాం. మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడుండాలి. మకాం ఒడ్డున కాదు, ఊరివైపు మామిడితోటలో. తోట యజమానిని ముందుగా వెళ్ళి అడిగి వచ్చాను. "చెట్ల కింద మంట పెట్టకపోతే సరే" అన్నాడు. కాబట్టి నెగడు లేదు, చిన్న గ్యాసు పొయ్యి మాత్రమే. వంటకీ తాగడానికీ నీళ్ళు ఎస్.కోటనుంచే క్యాన్లలో. రాత్రికి పులిహోర, పొద్దున్నకి చోడిపిండి రొట్టె, ఆవకాయ. పలాస జీడిపప్పు నా వంతు. పాములకి భయపడి బూట్లు, మనిషికో టార్చి. బూట్లు తొడుక్కునే ముందు దులుపుకోవడం మరవకండి. సీసాల ప్రస్తావన తెచ్చినవాణ్ణి మిగతా ముగ్గురం కలిసి బస్సెక్కించేస్తాం.

బొబ్బిలివాడు వస్తాడా రాడా అన్నది మొన్నటిదాకా తేలలేదు. వాళ్ళమ్మగారికి సంగతంతా తెలిసిపోయింది. నేను స్వయంగా వెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఈల వేస్తుంటే నవ్వుకున్నారట కదా బాబూ?" అంది. ఏం చెప్పను? తల వంచుకున్నాను. "సీకటి పడ్డాక ఆడ్ని నీళ్ళకాడికి ఎల్లనీకు. అంతే" అని లోపలికి వెళ్ళిపోయింది. మాట ఇచ్చాను.

ఇరవై మీటర్ల నైలాన్ తాడు కొన్నాను. నలుగురికీ నాలుగు ప్లాస్టిక్ ఈలలు కూడా. ఆపద వస్తేనే ఊదాలి, వినబడితే ఎవరైనా సరే పరిగెత్తాలి, సరదాకి ఈల వేసినవాడికి రాత్రి భోజనం లేదు. ఇవీ షరతులు. మావాడు ఈలని అటూ యిటూ తిప్పి చూసి, దిగులుగా అడిగాడు, "ఫోన్లో 'మరోచరిత్ర' పాట పెట్టుకున్నప్పుడు కూడానా?"