పేజీ తిరిగిందా బాపూ?

శుక్లాల ఆపరేషన్ తర్వాత బాపుకు చిన్న అక్షరాలు చదవడం కష్టమైంది. మెల్లగా పుస్తకాలే మానేశాడు. అందుకే ఈసారి దసరాకు మెట్‌పల్లి వెళ్తూ ఒక ఈ-బుక్ రీడర్ కొనుక్కెళ్లా. ఆయనకిష్టమైన సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' స్కాన్ పీడీఎఫ్ అందులో వేసిచ్చా.

అరగంటకే పిలుపొచ్చింది.

"గిదేందిరా! ఒక్క పేజీ తిప్పుదామంటే మూడు పేజీలు ఉరుకుతాంది."

పక్కన కూర్చొని చూశా. బాపు తెర మీద వేలు పెట్టాడు. కదల్లేదు. మళ్లీ పెట్టాడు. మళ్లీ. అప్పుడు తీరిగ్గా నిద్రలేచినట్టు మూడు పేజీలూ వరసగా తిరిగాయి. వెనక్కి రావాలన్నా అదే తంతు. చదువుతున్న చోటు ఎక్కడో పోయింది.

"ఫోన్ అయితే ముట్టంగనే కదుల్తది గదా?"

ఫోన్‌లో వెలుగు మారితే చాలు. ఈ-ఇంక్ తెరలో అలా కాదు. వెంట్రుక మందమంత చిన్న బుడగల్లో నలుపు, తెలుపు రేణువులు ద్రవంలో తేలుతుంటాయి. కరెంటు అందితే ఒక రంగు పైకొస్తుంది, ఇంకోటి కిందికి పోతుంది. పేజీ మారినప్పుడల్లా అవి నిజంగానే కదలాలి. అయినా దానికి పట్టేది సెకను లోపే. మా అసలు సమస్య పీడీఎఫ్. స్కాన్ చేసిన పుస్తకంలో అక్షరాలుండవు, ప్రతి పేజీ ఒక పెద్ద ఫొటో. రీడర్‌లోని చిన్న ప్రాసెసర్ దాన్ని విప్పి, తెరకు సరిపడా కుదించేసరికి ఆలస్యం. మన పాత పుస్తకాలు చాలావరకు ఇలాగే దొరుకుతున్నాయి.

ఆ రాత్రి లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నా. మార్జిన్లు కత్తిరించి, అక్షరాలు పెద్దగా కనపడేలా ఒక్కో పేజీని రెండు ముక్కలు చేసి, తెర సైజుకు తగ్గించి, 16 బూడిద ఛాయల్లోకి మార్చా. పొద్దున్నే చూస్తే పేజీ సెకనులోపే తిరుగుతోంది. గర్వంగా బాపు చేతికిచ్చా. ఆయన మళ్లీ రెండుసార్లే ముట్టాడు!

"ఇప్పుడు స్పీడైంది కదా బాపూ?"

"ఆగుడుకు నాకేం తొందర్రా? నేను ముట్టింది దానికి తెలిసిందో లేదో నాకు తెల్వాలె గదా."

0.1 సెకనులోపు జవాబొస్తేనే మనిషికి వెంటనే జరిగినట్టు అనిపిస్తుందని జేకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. ఆఫీసులో ఆ లెక్క చెప్పి మిల్లీసెకన్లు తగ్గించడమే నా పని. ఇంట్లో మాత్రం ఆలస్యాన్నే చూశా, బాపు అయోమయాన్ని చూడలేదు.

నా దగ్గర పేజీ బటన్లున్న పాత రీడర్ ఉంది. హైదరాబాద్ రాగానే అదే ఫైల్ వేసి పంపించా. అది ఇంకా నెమ్మది. కానీ నొక్కితే 'టిక్' మంటుంది. ఆ చప్పుడు వినగానే బాపు వేలు తీసేస్తాడట, తెర మారేలోపు కళ్లద్దాలు సర్దుకుంటాడట. అమ్మ చెప్పింది.

మొన్న ఫోన్ చేశాడు.

"గీ బుక్కు నేను చదివినప్పుడు గిన్ని పేజీలు లేకుండెరా!"

ఒక్కో పేజీని రెండు చేశానని చెప్పా.

"మంచిదే తియ్. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇంకోటి ఏస్కరా."