నల్లపెట్టెకు కట్టు

మధ్యతరగతి ఇంట్లో పాడైపోయిన వస్తువులకు కూడా ఒక వరస వుంటుంది. అందరికంటే ముందు బాగుపడేది కిరసనాయిలు స్టవ్వు. అది మూసుకుపోతే ఆ పూటే పిన్ను దొరుకుతుంది. పొయ్యి వెలగకపోతే ఎవరి కడుపు మాడుతుందో అందరికీ తెలుసు గనక. తరవాత ఆయనగారి సైకిలు. తరవాత ఆయనగారి చేతిగడియారం. రెండు నెలలు పిండిముద్ద అద్ది నెట్టుకొచ్చాక, మన కుక్కర్ వాషరు. ఇక కెమెరా ఈ వరసలో ఎక్కడొస్తుందంటారా? రానే రాదు. "అది లేకపోతే అన్నం అరగదా?" అన్న ఒక్క ప్రశ్నతో అటకెక్కుతుంది.

మా కెమెరా అట్లా రెండేళ్ళు అటక మీదే వుంది.

అది మా పుట్టింటి సొమ్ము. అగ్ఫా క్లిక్ త్రీ అని, ఆ రోజుల్లో బరోడాలో తయారయ్యేది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలినప్పుడు, ఆ సంబరం చూడబోతూ మహబూబ్‌నగర్‌లో గుమాస్తాగా వున్న మా బాపు కొన్నారు. ఫోటోల్లో డ్యాము రాలేదు, జనం తలకాయలే వచ్చాయి. అది వేరే సంగతి. నల్లటి గట్టి ప్లాస్టిక్కు పెట్టె. ముందు ఒకే ఒక కటకం. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు. అంతే, ఇంకేం తిప్పనక్కర్లేదు. మనిషిని పది అడుగుల దూరంలో నిలబెట్టి, సూర్యుణ్ణి మన వీపు వెనక పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నొక్కాలి. ఒక రోలుకు పన్నెండు బొమ్మలు, చదరంగా. మా చిన్నతనమంతా పిల్లలమర్రి ఊడల కింద అట్లా చదరంగానే గడిచింది. పెళ్ళయి దేవరకొండకు కాపురానికొస్తుంటే, "నీకే ఇష్టం కదమ్మా, పట్టుకపో" అని బాపు నా పెట్టెలో పెట్టారు.

1985లో ఒక రాత్రి పిల్లి ఎలుకను తరుముతూ వచ్చి దాన్ని గూట్లోంచి నేలకు దించింది. వెనక మూత మూలన పగులు బారింది. రోలు మీది అంకె కనబడే చిన్న ఎర్ర కిటికీ ఊడి ఎటో పోయింది. అయినా ఆశ చావక ఒక రోలు వేశాను. పన్నెండింటికి పన్నెండూ తెల్లటి చారలు. మా చిన్నవాడి పుట్టినరోజున ఇంట్లో పిడుగు పడ్డట్టు వచ్చింది. అంతే, అటక.

రెండేళ్ళ తరవాత మా మరిదికి మస్కట్‌లో పని దొరికింది. ప్రయాణం పన్నెండు రోజులుందనగా మెల్లగా నా దగ్గరకొచ్చి, "వదినా, అమ్మ ఫోటో ఒకటి వుంటే ఇస్తవా?" అన్నాడు.

ఇంతేనా అనుకున్నాను. ట్రంకుపెట్టె తీసి ఫోటోలన్నీ చాప మీద పరిచాను. మామగారు కుర్చీలో వున్నారు. మా ఆయన వున్నారు, పిల్లలున్నారు, ఆఖరికి కొత్తగా కొన్న బర్రె కూడా వుంది. మా అత్తమ్మ ఏదీ? మా పెళ్ళి గుంపు ఫోటోలో ఒక చివరన, ఎవరిదో భుజం వెనక సగం ముఖం. ఇంకొకదాంట్లో కొంగు నెత్తిమీదుగా లాక్కోవడంతో ముక్కు మాత్రం. తక్కినవాటిల్లో లేనే లేదు. ఉండదు మరి. ఫోటో తీసేది పండగనాడు. పండగనాడు ఆవిడ ఉండేది పొయ్యి దగ్గర. మీ ఇంట్లో ఫోటోలు కూడా ఒకసారి తీసి చూసుకోండి, నేను చెప్పేది అబద్ధమైతే.

స్టూడియోకు తీసుకుపోదామన్నారు మా ఆయన. అత్తమ్మ ససేమిరా అన్నది.

"స్టూడియోల దిగిన ఫోటువ ఎందుకొస్తది బిడ్డా? గోడకెక్కి దండేసుకునేటందుకే. నేనింక బతికే వున్న."

మామగారి ఫోటో అప్పటికి దండతో గోడ మీద వుంది. ఇంక ఎవరేం మాట్లాడతారు?

అన్నట్లు, ఆడవాళ్ళకు ఫోటో అంటే జంకని ఊరికే అనలేదు. రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో జనానా స్టూడియో ఒకటి తెరిచారు. తీసేదీ ఆడమనిషే, దిగేదీ ఆడవాళ్ళే. పరదా దాటని బేగములు, దొరసానులు అక్కడ నిశ్చింతగా దిగారట. మరి దేవరకొండలో బియ్యం చెరుగుకునే మా అత్తమ్మకు జనానా స్టూడియో ఎవరు పెడతారు? నేనే పెట్టాలి. అందుకు అటక మీది పెట్టె దిగాలి.

మా ఆయన పని మీద నల్లగొండ వెళ్తూ దాన్ని తీసుకుపోయి గడియారం దగ్గర ఒక కొట్టులో చూపించారు. అతను అటూ ఇటూ తిప్పి, "దీనికి పైసలు పెట్టుడు దండగ సార్, హాట్‌షాట్ కొనుండ్రి" అన్నాడట. కొనొచ్చు, మరిదికి టిక్కెట్టు కోసం చేసిన అప్పు ఎవరైనా తీరిస్తే. హైదరాబాదులో కోఠీ వైపు ఒక దుకాణంలో అడిగిస్తే నూట ఇరవై రూపాయలు, రెండు వారాలు అన్నారు. మా దగ్గర పన్నెండు రోజుల్లో మూడు అప్పుడే అయిపోయాయి. పోపులడబ్బా అడుగున నా సొంత ఖజానా డెబ్భై రూపాయలు. అందులో రోలుకు, కడిగించడానికి, ప్రింట్లకు తీసి పక్కన పెడితే మరమ్మతుకు మిగిలింది పదిహేను.

చివరికి మా ఊరి స్టూడియో ముసలాయనే దారి చూపించాడు. కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు నొక్కి చూశాడు. కటకాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "అద్దం మంచిగనే వున్నది. షట్టరు కొట్టుకుంటున్నది. చీకటే నిలుస్తలేదమ్మా దీంట్ల" అన్నాడు.

చీకటి నిలవడం లేదు! కుండలో నీళ్ళు నిలవనట్టు. ఆ మాటతో నాకు సగం భయం పోయింది. చిల్లుపడ్డ బిందెలు, కారే బకెట్లు, ఉరిసే పెంకులు - వీటితో యుద్ధం మనకు కొత్తా?

ముందు చిల్లెక్కడో కనుక్కోవాలి. దానికి కరెంటు పోవాలి. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఈ విషయంలో ఎదురుచూపు అక్కర్లేదు. ఎనిమిదింటికి దీపాలారిపోగానే, మరిది పెన్నుటార్చి వెలిగించి పెట్టె లోపల పెట్టి, మూత బిగించి, వంటింటి చీకట్లో కూర్చున్నాం. మూలన పగులు సన్నటి మెరుపుతీగలా వెలిగింది. అది తెలిసిందే. మూత అంచున ఇంకోచోట, కంటికి ఆనని చోట, ఆవగింజంత వెలుగు! పగులు ఒక్కటే పూడ్చి వుంటే రోలంతా మళ్ళీ గంగలో కలిసేది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాను. అత్తమ్మ గడపలోంచి చూసి, "ఏందే పిల్లా, దానికి పురుడు పోస్తున్నవా?" అన్నది.

పగులుకు అరల్డైట్. రెండు గొట్టాలలోదీ సమానంగా కలిపి, అగ్గిపుల్లతో నింపి, బట్టల క్లిప్పులు బిగించి, రాత్రంతా కదపకుండా వుంచాను. మిగిలినదాంతో పక్కింటివాళ్ళ బకెట్టుకు మాట వేశాను, పుణ్యానికి. మూత అంచు చుట్టూ గొడుగులు బాగుచేసే అతను ఊరికే ఇచ్చిన నల్లగుడ్డ పీలిక. దానిమీద కరెంటు పనివాళ్ళ నల్ల టేపు. ఎర్ర కిటికీ స్థానంలో మిఠాయి మీది ఎర్ర జిలుగు కాగితం నాలుగు మడతలు వేసి అంటించాను. ఆ పాత కెమెరాల్లో కిటికీ ఎరుపు ఎందుకంటే, వెనకటి రకం ఫిల్ములు ఎర్ర వెలుగుకు చెడవు. తరవాతవి చెడతాయి. కాబట్టి ఎరుపును నమ్ముకోవద్దని, దాని మీద రెప్పలాగా ఇంకో మూత పెట్టాను. నా నగలపెట్టె లోపలి నల్ల ముఖమల్ కత్తిరించి పెట్టాను. నగలెట్లాగూ బ్యాంకులో వున్నాయి, పెట్టెకు పరుపెందుకు?

నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూశారు కదా. అక్కడ పగలంతా లింగం మీద స్తంభపు నీడ కదలకుండా నిలిచి వుంటుంది. కందూరు చోళుల కాలపు శిల్పులు వెలుగు ఎటునుంచి రావాలో, ఎక్కడ ఆగాలో రాతిలో లెక్కగట్టారు. నేను గుడ్డపేలికలతో కడుతున్నది కూడా అటువంటి లెక్కేనని అనుకుని ఆ రాత్రి కాస్త గర్వపడ్డాను. నవ్వకండి.

మర్నాడు మళ్ళీ టార్చి పరీక్ష. పెట్టె నల్లగా వుంది. ఊటీలో తయారైన ఇందు రోలొకటి తెప్పించాను.

సాయంత్రం నాలుగున్నరకు అరుగు మీద ఎండ వాలుగా పడుతుంది. అత్తమ్మ చాటలో జొన్నలు చెరుగుతూ కూర్చున్నది. నేను పది అడుగులు కొలుచుకుని దూరంగా నిలబడ్డాను.

"గంత దూరముంటే నేనేం కనబడుత?"

"కనబడతవు అత్తమ్మా. కొంగు జర సర్దకు, అట్లనే వుండనీ."

రెండు తీశాక మరిదిని నా పక్కకు పిలిచి ఏదో ఒకటి మాట్లాడమన్నాను. వాడికి మాట రాలేదు. "అమ్మా, అక్కడ జొన్నరొట్టె దొరకదంట" అన్నాడు ఎట్లాగో. ఆవిడ చెయ్యి ఆగింది. చాట ఒళ్ళోకి దిగింది. తలెత్తి వాణ్ణి చూసింది. నేను ఊపిరి బిగబట్టి నొక్కాను.

పన్నెండింట్లో ఎనిమిది వచ్చాయి. మూడు మా చిన్నవాడు కదలడంవల్ల పోయాయి, ఒకటి ఎందుకు పోయిందో ఆ ముసలాయనకే తెలియలేదు. రొట్టె మాటన్నప్పటిది చక్కగా వచ్చింది. పైమూలన వెంట్రుకవాసి తెల్లగీత మాత్రం వుంది. ఎక్కడో చీకటి ఒక చుక్క కారింది. మరిది దాన్ని పాస్‌పోర్టు సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. ఖర్చు లెక్క చూస్తే అరవై ఎనిమిదిన్నర. మిగిలిన రూపాయిన్నర డబ్బాలో వేశాను.

1994లో అత్తమ్మ పోయింది. మరిదికి సెలవు దొరికి వచ్చేసరికి తొమ్మిదో రోజు. వస్తూనే సంచిలోంచి ఆ ఫోటో తీశాడు. అంచులు అరిగిపోయి, చెమటకు ముఖం మీద మచ్చలు పడి వుంది. "వదినా, దీంతోని పెద్దది చేయించొచ్చా?" అన్నాడు. నెగెటివు నా దగ్గర పాత శుభలేఖ కవరులో భద్రంగా వుంది. పెద్దది చేసిన కుర్రాడు, మూలన గీతను బ్రష్షుతో దిద్దేస్తానన్నాడు. మరిది వద్దన్నాడు. దండ వేద్దామని బంధువులన్నారు. దానికి నేను వద్దన్నాను. వంటింట్లో క్యాలెండరు పక్కన పెట్టాం. ఇప్పటికీ అక్కడే వుంది.

2018లో పిల్లలమర్రికి చెదలు పట్టి, కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందెక్కిస్తున్న ఫోటోలు పేపర్లో వస్తే, మా మనవరాలికి ఆ చెట్టు కింది నా చిన్ననాటి ఫోటోలు చూపించాను. అప్పుడడిగింది, ఇవి తీసిన కెమెరా ఏదని. తీసి ఇచ్చాను. ఆ కొలత రోలు 1901లో పుట్టిందట, ఇప్పటికీ తయారవుతూనే వుందట. ఊటీది మూతబడింది, పైదేశాలది దొరుకుతుందంది. కడిగించడంతో కలిపి ధర చూస్తే మా ఆనాటి మొత్తం బడ్జెట్టుకు పదింతలు దాటింది.

"ముందు టార్చి పెట్టి చూడమ్మా, కరెంటు పోయినప్పుడు" అన్నాను.

"ఇప్పుడు కరెంటు ఎక్కడ పోతున్నది అమ్మమ్మా?" అంది.

స్విచ్చి ఆర్పుకోవచ్చు కదా మరి!